తూనికల మేడమ్ కట్టిన దీపం

ఆవిడను ఇంట్లో అక్క అనేవారు, బయట తూనికల మేడమ్ అనేవారు. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా ముప్పై ఒక్కేళ్ళు చేసి రిటైరైంది. కూరగాయల బండి దగ్గర ఆగితే ముందు కాయల వైపు చూసేది కాదు, కాటా ముల్లు వైపు చూసేది. పెట్రోలు బంకులో మీటరు మీద సున్నా కనపడేదాకా పైపు కదలనిచ్చేది కాదు. చెల్లెలు కాఫీ తెచ్చిస్తే ఒక గుక్క తాగి, పాలు మారాయా అని అడిగేది. నిజంగానే మారి ఉండేవి. పదింట తొమ్మిదిసార్లు ఆవిడ అనుమానమే నిజమయ్యేది కాబట్టి ఆ పదోసారి గురించి మాట్లాడటానికి ఎవరికీ నోరు పెగిలేది కాదు.

ఆ అనుమానాలన్నిట్లోకీ పాతది చెల్లెలి మొగుడి మీద, అంటే మరిది మీద ఉన్నది.

ఇరవై నాలుగేళ్ళ కిందట ఆవిడ ఒక బట్టల షాపులో తనిఖీకి వెళ్ళింది. కౌంటరు మీదున్న ఇనుప మీటరు కడ్డీని తన కడ్డీ పక్కన పెడితే రెండు వేళ్ళ మందం పొట్టిగా తేలింది. చివర అరగదీసి పైన రంగు పూశారు. యజమాని మీద కేసు పెట్టింది. ఆ కడ్డీతో రోజూ గుడ్డ కొలిచే సేల్స్‌మన్‌ను సాక్షిగా పిలిస్తే, అది పొట్టిదన్న సంగతి తనకు తెలియదన్నాడు. చెబుతున్నంతసేపూ నేల చూపులే చూశాడు. కేసు ఆవిడే గెలిచింది. కానీ ఆ నేల చూపులు ఆవిడ మనసులో అలాగే ఉండిపోయాయి. వాయిదాలకు అక్కకు తోడుగా వచ్చిన చెల్లెలు కోర్టు వరండాలో కూర్చుని, పక్క బల్ల మీదున్న ఆ సేల్స్‌మన్‌తో మాట కలిపింది. ఏడాది తిరక్కుండానే అతన్ని చేసుకుంటానంది. అక్క ఒంటికాలి మీద లేచింది. చెల్లెలు అంతకంటే మొండిది. చేసుకుంది.

అక్క పెళ్ళి చేసుకోలేదు. మొదటి అంతస్తులో రెండు పడగ్గదుల ఇల్లు కొనుక్కుంది. చెల్లెలూ మరిదీ అద్దెకుండే ఇల్లు కూలగొట్టినప్పుడు వాళ్ళను తన ఇంటికే తెచ్చుకుంది. వాళ్ళకు పిల్లలు లేరు. ముగ్గురూ ఆరేళ్ళుగా ఒకే కప్పు కింద ఉన్నారు. మరిది ఇప్పుడు వేరే బట్టల షాపులో పనిచేస్తున్నాడు, మంగళవారం సెలవు. మనిషి మెత్తగా ఉంటాడు. వదినగారూ అంటాడు, ఎదురు చెప్పడు. ఆ ఎదురు చెప్పకపోవడమే ఆవిడకు ఇంకా అనుమానం.

రిటైరైన ఏడాది ఆవిడకు దవడ పన్ను నొప్పి పట్టుకుంది. పళ్ళ డాక్టరు దగ్గరికి నెలల తరబడి తిరిగింది. అక్కడ కూర్చునే గదిలో మూడడుగుల గాజు తొట్టి ఉండేది. అందులో ఉప్పు నీళ్ళు, రాళ్ళు, చారల చేపలు రెండు, రాళ్ళను పట్టుకుని పెరిగే పగడాలు. చూడటానికి పువ్వుల్లా ఉండేవి గానీ అవి ప్రాణులని, రాయిలా కనపడేది కూడా కదులుతుందని ఆవిడకు అక్కడే తెలిసింది. ఒకదానికి పచ్చటి వేళ్ళుండేవి, వేళ్ళ కొసల్లో చిన్న చిన్న సుత్తుల్లాంటి ముద్దలు. పంపు నీటికి అవన్నీ ఒకేసారి ఊగేవి. పన్ను నొప్పి మరిచిపోయి ఆవిడ వాటినే చూస్తూ కూర్చునేది. పిలిచినా వినపడేది కాదని నర్సు నవ్వేది.

డాక్టరు తన క్లినిక్‌ను మూడో అంతస్తుకు మార్చుకుంటూ, అంత బరువు పైకి ఎక్కించలేనని తొట్టిని ఎవరికైనా ఇచ్చేస్తానన్నాడు. ఆవిడ అక్కడికక్కడే తనకు కావాలంది. ఇంట్లో ఒక్కమాట చెప్పలేదు. వారం తిరిగేసరికి తొట్టి హాల్లో గోడ వారగా దిగింది. టీవీ ఎదురు గోడకు మారింది, మరిది కుర్చీ వంటింటి గుమ్మం దగ్గరికి మారింది. అతను కిమ్మనలేదు.

తొట్టి క్షేమంగా వచ్చింది గానీ దాని మీది పాత ట్యూబులైట్ల పెట్టె మెట్ల మీద పడి పగిలింది. పగడాలకు వెలుతురే తిండి. వాటి ఒంట్లో కంటికి కనపడని నాచు ఉంటుంది, అది వెలుతురు తాగి వాటిని పోషిస్తుంది. లైటు లేకపోతే నెలలోపు పోతాయని క్లినిక్‌లో నీళ్ళు మార్చే చేపలతను చెప్పి వెళ్ళాడు.

ఆవిడ చేపల సామాన్ల షాపుకు వెళ్ళింది. మంచి కంపెనీ దీపాల వెల విని వెనక్కి తగ్గింది. చవక దీపం పెట్టె మీద రెండు వందల వాట్లని రాసి ఉంది. ఆవిడ సంచిలోంచి తన వాట్ మీటరు తీసి, షాపు ప్లగ్గులోనే పెట్టి చూసింది. ఎనభై ఎనిమిది. షాపువాడికి ఆ అంకె చూపించింది. పెట్టె మీద అందరూ అలాగే రాస్తారని అతను తేలిగ్గా అన్నాడు. ఆ మాటతో ఆవిడకు రోషం వచ్చింది. దీపం తానే కట్టుకుంటానని ఇంటికొచ్చి ప్రకటించింది.

మెట్ల కింద ఇరుకు గదిలో రేడియోలు బాగుచేసే ముసలాయన ఉన్నాడు. వెళ్ళి ఆయన ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. పాత ఆంప్లిఫయర్‌లోంచి ఆయన ఒక పెద్ద అల్యూమినియం దిమ్మ ఊడదీసి ఇచ్చాడు. వెనక దువ్వెన పళ్ళలా రెక్కలుండే దిమ్మ, వేడిని అదే లాగేస్తుందన్నాడు. దాని మీద నలభై చిన్న ఎల్ఈడీ లైటు పూసలు అతికించాలి. పగడాలకు నీలం ఎక్కువ కావాలి కాబట్టి నీలానివి ఇరవై ఎనిమిది, తెల్లవి పన్నెండు. ఆవిడ పూసలను ఊరికే నమ్మలేదు. నలభైనీ ఒక్కొక్కటిగా వెలిగించి చూసింది. మూడు మిగతావాటికంటే మసగ్గా వెలిగాయి. వాటిని కాగితంలో చుట్టి అమ్మినతని దగ్గరికి పట్టుకెళ్ళింది. అతను గొణుగుతూనే మార్చి ఇచ్చాడు. ముసలాయన ఈ సంగతి విని, తన సర్వీసులో పూసలకు ఇన్‌స్పెక్షన్ చేసినవాళ్ళను చూడలేదన్నాడు.

టంకం పెట్టడం నేర్చుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. బొటనవేలు రెండు చోట్ల కాలింది. ముద్దగా పడ్డ టంకాన్ని నమ్మొద్దని, మెరుస్తూ పారితేనే పట్టినట్టని ముసలాయన చెప్పాడు. నమ్మొద్దన్న మాట ఆవిడకు నచ్చింది. పూసల కింద వేడి పట్టే పేస్టు పూసి, వరసకు పదేసి చొప్పున తీగలు కలిపింది. పాత కంప్యూటరులోని ఫ్యాను రెక్కల వెనక బిగించింది. ఉప్పు తుంపర తగలకుండా కింద పారదర్శకం ప్లాస్టిక్ రేకు పెట్టింది. వెలుతురు తగ్గించడానికీ పెంచడానికీ ఒక తిప్పుడు మర, వేళకు వెలిగి వేళకు ఆరడానికి టైమరు అమర్చింది. కప్పుకు కొక్కెం దిగ్గొట్టి గొలుసుతో తొట్టి మీదికి వేలాడదీసింది. స్విచ్చి వేస్తే హాలంతా నీలమైంది. చారల చేపలు రాయి వెనక్కి పారిపోయాయి. చెల్లెలు వంటింట్లోంచి తొంగి చూసి, మనం కూడా చేపల్లా ఉన్నామంది.

ఎంత వెలుతురు పెట్టాలన్న దగ్గర ఆవిడ అంచనాలకు పోలేదు. పాత ఆఫీసు నుంచి వెలుతురు కొలిచే మీటరు అరువు తెచ్చింది. గడువు తీరని ముద్ర ఉన్న మీటరు. పగడాల పుస్తకంలో చదివిన అంకెలో అది సగమే చూపించింది. కంటికి కూడా నీలం దీపం మరీ మసగ్గానే అనిపించింది. మరను చివరికంటా తిప్పి, గొలుసు ఒక జానెడు కిందికి దింపింది. అప్పుడు అంకె సరిపోయింది. మర ముల్లు ఆగిన చోట పెట్టె మీద గోళ్ళ రంగుతో ఎర్ర చుక్క పెట్టింది.

మరిది ఆ సాయంత్రం కుర్చీలోంచే, లైటు కాస్త ఎక్కువేమో వదినగారూ అన్నాడు. టీవీ మీద నీలం పడుతోందని ఏడుపు కాబోలనుకుంది ఆవిడ. మీటరు తెచ్చి అతని ముఖం ముందు పెట్టింది. వారం తర్వాత అతను మళ్ళీ అదే మాట అన్నాడు. మళ్ళీ మీటరే చూపించింది.

మూడో వారానికి పగడాలు ముడుచుకోవడం మొదలెట్టాయి. బొత్తాల్లాంటి చిన్నవి పొద్దున విప్పుకోవడం మానేశాయి. సుత్తి పగడం వేళ్ళు పొట్టిబడ్డాయి, పచ్చదనం పోయి పైన తెల్లగా పాలిపోయింది. ఆవిడ నీళ్ళు పరీక్షించింది. ఉప్పు సరిగ్గా ఉంది, వేడి సరిగ్గా ఉంది. చేపలతన్ని పిలిస్తే అతనూ చూసి, నీళ్ళలో లోపం లేదు, ఏదో పడి ఉండాలన్నాడు.

ఏదో పడింది అంటే ఎవరో వేశారు. ఇంట్లో ఉన్నది ముగ్గురు. చెల్లెలికి చేపలంటే ప్రాణం. ఇక మిగిలింది ఎవరో ఆవిడకు వేలు పెట్టి చూపించక్కర్లేదు. కుర్చీ పోయింది, టీవీ పోయింది, ఎదురు చెప్పే ధైర్యం లేదు. అలాంటివాడు ఇలాగే కక్ష తీర్చుకుంటాడు. బట్టల షాపు నుంచి తెల్లచేసే మందు చెంచాడు తెచ్చి పోస్తే చాలు. ఆ రోజు నుంచి అతని మీద ఓ కన్నేసింది. అతను చేతులు కడుక్కుని వస్తే సబ్బు వాసన వస్తోందా, ఇంకేదైనా వాసనా అని చూసేది. అతని షాపు సంచిని కొక్కేనికి తగిలించే నెపంతో ఒకసారి తడిమింది. లోపల మడత నలిగిన చేతిగుడ్డ, అరటిపండు, బస్సు టిక్కెట్లు ఉన్నాయి.

చివరికి తొట్టికి సీలు వేసింది. సర్వీసులో వేల కాటాలకు వేసినట్టే దాని గాజు మూతకూ అంచుకూ తీగ చుట్టి, సీసపు బిళ్ళ పెట్టి పటకారుతో నొక్కింది. మేత వేయడానికి అంగుళం సందు మాత్రం వదిలి, దాన్ని మూసే రేకుకు చిన్న తాళం తగిలించి తాళంచెవి మెడలో వేసుకుంది. చెల్లెలు వచ్చి ఆ సీసపు బిళ్ళ చూసింది.

"ఇది ఎవరి కోసం అక్కా?" అంది.

"ఎవరి కోసమూ కాదు. జాగ్రత్త కోసం."

"ఇంట్లో ముగ్గురమే ఉన్నాం. నాకు తెలియనట్టు మాట్లాడకు. రేపు నా వంటింటి డబ్బాలకూ వేస్తావా?"

రెండు రోజులు చెల్లెలు అక్కతో ముభావంగా ఉంది. కంచం పెట్టేది, పక్కన కూర్చునేది కాదు. మరిది మాత్రం ఆ బిళ్ళను చూసి తల దించుకుని షాపుకు వెళ్ళిపోయాడు. అదిగో ఆ నేల చూపే, కోర్టులో చూసిందే అనుకుంది ఆవిడ.

సీలు చెక్కుచెదరలేదు. పగడాలు మాత్రం తెల్లబడుతూనే ఉన్నాయి. కొమ్మల పగడం ఒకటి పూర్తిగా సున్నపు ముక్కలా అయిపోయింది. ఒక బుధవారం పొద్దున ఆవిడ దీపం దుమ్ము తుడుస్తూ మర వైపు చూసి ఆగిపోయింది. మర ముల్లు ఎర్ర చుక్క దగ్గర లేదు. గోరంత కిందికి దిగి ఉంది. ఏమీ అనకుండా మళ్ళీ చుక్క మీదికి తిప్పింది. రోజూ చూసింది, కదల్లేదు. మళ్ళీ బుధవారం చూస్తే ఈసారి రెండు గోళ్ళంత దిగి ఉంది. అంటే మంగళవారం. షాపు సెలవు రోజు. మంగళవారం మధ్యాహ్నం చెల్లెలు కుట్టు పని ఇచ్చి రావడానికి వెళ్తుంది, తాను భోంచేసి ఓ గంట నిద్రపోతుంది. లెక్క కుదిరింది. ఇరవై నాలుగేళ్ళుగా చేతికి చిక్కని దొంగ ఇప్పుడు చిక్కుతున్నాడన్న తృప్తి కలిగింది. పగడాలు పోతున్న బాధ కంటే ఆ తృప్తే ముందు కలిగిందని తర్వాత ఆవిడే చెల్లెలితో ఒప్పుకుంది.

తర్వాతి మంగళవారం పెన్షన్ ఆఫీసులో పనుందని చెప్పి, గొడుగు తీసుకుని బయటికి నడిచింది. కింది మెట్టు మీద పావుగంట నిలబడింది. రేడియో ముసలాయన లోపలికి రమ్మన్నా వెళ్ళలేదు. చెప్పులు చేతబట్టుకుని పైకెక్కి, తాళం చప్పుడు కాకుండా తలుపు తీసింది.

మరిది తన కుర్చీని తొట్టి ముందుకు లాక్కుని కూర్చున్నాడు. మర సగానికి దించి ఉంది. దీపం కింద ప్లాస్టిక్ రేకు మీద నల్లటి అట్టముక్క ఒకటి ఎడమ సగానికి అడ్డంగా పెట్టాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, పిల్లాడు పరీక్ష పేపరు చూసినట్టు నీళ్ళలోకి చూస్తున్నాడు. ఆవిడను చూసి గబుక్కున లేచాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది ఆవిడ.

"మూడు మంగళవారాల నుంచి వదినగారూ."

"ఎందుకు?"

అతను మాటల్లో చెప్పబోయి మానేసి వేలితో చూపించాడు. సుత్తి పగడం పైభాగం తెల్లగా ఉంది. పంపు గొట్టం నీడ పడే పక్క మాత్రం ఒక వేలి వెడల్పున ఇంకా పచ్చగా ఉంది. నీడ ఎక్కడ ఆగిందో పచ్చదనం అక్కడే ఆగింది, గీత గీసినట్టు. ఆవిడ రోజూ దాని ముందు నిలబడి కూడా ఆ గీతను చూడలేదు. నీళ్ళలో ఏం కలిసిందా అని వెతికింది, మనిషి చేతుల్ని వెతికింది.

"షోకేసులో బొమ్మకు వేసిన బట్ట నెల తర్వాత విప్పితే మడతల్లో ఒక రంగు ఉంటుంది, పైన ఒక రంగు," అన్నాడు అతను. "ముప్పై ఏళ్ళుగా అదే చూస్తున్నాను. లైటు తిన్న బట్ట ఇలాగే ఉంటుంది. అందుకే తగ్గించా. మీరు మళ్ళీ పెంచుతున్నారు."

"నాతో చెప్పొచ్చు కదా?"

"రెండుసార్లు చెప్పాను. మీరు మీటరు చూపించారు."

ఆవిడ సోఫాలో కూర్చుంది. అప్పటికీ పూర్తిగా నమ్మలేదు. పాత ఆఫీసు ప్రయోగశాలలో ఉన్న సహోద్యోగికి అక్కడినుంచే ఫోన్ చేసి, మీటరు తప్పు చూపిస్తుందా అని అడిగింది. ఆయన దీపం సంగతంతా విని, మీటరు తప్పు కాదన్నాడు. అది మనిషి కంటికి ఎంత వెలుగో చెప్పడానికి తయారైంది, చదువుకునే గదులకూ మెట్లకూ పెట్టేది. నీలం మన కంటికి ఆనదు కాబట్టి మీటరుకూ ఆనదు. కానీ పగడంలోని నాచుకు ఆ నీలమే ఘాటు. అది చూపించిన అంకెను పగడాల అంకెతో పోల్చి, దానికి మూడు నాలుగింతల వెలుతురు కుమ్మరించి ఉంటావన్నాడు. పైగా క్లినిక్‌లో అవి ఏళ్ళ తరబడి గుడ్డి ట్యూబులైట్ల కింద బతికినవి.

ఆవిడ ఫోన్ పెట్టేసింది. ముద్ర సరైనది, మీటరు సరైనది, టంకం సరైనది, పూసలు సరైనవి. షాపువాడి చవక దీపమే కొనుంటే అబద్ధపు వాట్ల వల్ల పగడాలు బతికి ఉండేవి. అందరినీ తనిఖీ చేసింది గానీ దేన్ని దేనితో కొలుస్తున్నానని తనను తాను అడగలేదు.

మరిది అట్టముక్క తీసేయమంటారా అని అడిగాడు. ఉండనివ్వమంది. తర్వాత, ఇన్నేళ్ళూ గొంతులో ఉన్నది అడిగేసింది.

"ఆ కడ్డీ పొట్టిదని నీకు తెలుసా, తెలీదా?"

ఏ కడ్డీ అని అతను అడగలేదు. ఈసారి నేల చూడలేదు.

"తెలుసు వదినగారూ. చేరిన వారంలోనే తెలిసింది. చేతికి అలవాటైన కొలత కదా, తేడా తెలిసిపోతుంది. చెబితే ఉద్యోగం పోతుందని కోర్టులో తెలీదన్నాను. మా అమ్మ అప్పుడు మంచాన పడి ఉంది."

"మా చెల్లెలికి చెప్పావా?"

"పెళ్ళికి ముందే చెప్పాను. మీకు చెప్పొద్దంది."

అంటే ఆవిడ అనుమానం అప్పుడు నిజమే. ఆ అనుమానంతోనే ఇరవై నాలుగేళ్ళూ అతన్ని తూచింది. గెలిచినట్టు అనిపించలేదు. కోపం రావాలి, రాలేదు. లోపలికెళ్ళి పటకారు తెచ్చి మూత మీది తీగ కత్తిరించింది. నిచ్చెన పట్టుకోమని అతనితో అంది. ఎక్కి గొలుసును రెండు జానలు పైకి లాగి కట్టింది. కిందికి దిగాక మర వైపు చూపించి, ఎక్కడ పెట్టాలో నువ్వే పెట్టమంది. అతను మూడో వంతు దగ్గర ఆపాడు. ఆవిడ ఎర్ర చుక్కను గోటితో గీకేసింది.

చెల్లెలు తిరిగొచ్చేసరికి ఇద్దరూ తొట్టి ముందు పక్కపక్కన కూర్చుని ఉన్నారు. ఎవరు పోయారని అడిగింది, నిజంగానే భయపడి. అక్క జరిగింది చెప్పి, సీలు వేయడం తప్పేనంది. ఆ మాట అక్క నోట వినడం చెల్లెలికి అదే మొదటిసారి. ఆ రాత్రి కంచం పెట్టి పక్కనే కూర్చుంది.

కొమ్మల పగడం తిరిగి రాలేదు. బొత్తాల గుంపులు రెండు పోయాయి, ఒకటి మిగిలింది. సుత్తి పగడం మాత్రం నీడలోని ఆ వేలెడు పచ్చదనం నుంచి నెమ్మదిగా పైకి పాకింది. సగం వరకు రంగు రావడానికి ఐదు నెలలు పట్టింది. ఈలోగా ఆవిడ దీపాన్ని విప్పి, నీలానికీ తెలుపుకూ వేరు వేరు మరలు పెట్టి మళ్ళీ కట్టింది. మరలు రెండూ మరిది చేతిలోనే ఉండేవి. పదిహేను రోజులకోసారి గోరంత పెంచేవాడు, రెండు రోజులు చూసేవాడు, ముడుచుకుంటే మళ్ళీ దించేవాడు. ఎందుకంతేనని ఆవిడ అడిగితే, చూస్తే తెలుస్తుందనేవాడు. ఆ జవాబు ఆవిడకు మింగుడుపడేది కాదు. అయినా ఊరుకునేది.

మనిషి మారిపోయిందని కాదు. కాఫీ పాల మీద ఆరాలు అలాగే ఉన్నాయి. మరిది కుర్చీ మాత్రం వంటింటి గుమ్మం దగ్గర్నుంచి హాల్లోకి వచ్చింది.

ఆ ఏడాది చివర ఆవిడ వేరే ఊళ్ళో ఉన్న స్నేహితురాలి దగ్గరికి వారం రోజులు వెళ్ళింది. మొదటి రోజు ఐదుసార్లు ఇంటికి ఫోన్ చేసింది. నీళ్ళ వేడి ఎంత, దీపం వేళకు ఆరిందా, ఫ్యాను చప్పుడు చేస్తోందా అని. రెండో రోజు రెండుసార్లు చేసింది. మూడో రోజు చేయలేదు. సాయంత్రం దాకా చూసి చెల్లెలే కంగారుపడి, ఒంట్లో బాగాలేదా అని ఫోన్ చేసింది.